అక్కకు చేయించిన జల్లు డబ్బా

మొక్కలకు నీళ్లు పోసే డబ్బాను ఖాళీగా ఎత్తి చూసి బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఖాళీ డబ్బా ఏదైనా తేలిగ్గానే ఉంటుంది. దాన్ని నిండా నీళ్లతో నింపి, ఒంటి చేత్తో ఎత్తి, పది అడుగులు నడిచి చూడాలి. పిడి అతుక్కున్న చోట తెల్లటి గీత వచ్చిందంటే అది ఒక్క ఎండాకాలం కూడా దాటదు. సూర్యాపేట బజారులో నేను ఈ పరీక్ష పెడతానంటే దుకాణదారు మొహం చిట్లించేవాడు. నేను లెక్కచేసేవాడిని కాదు. పక్క హోటల్లో బకెట్ అడిగి తెచ్చి, అతని గుమ్మం ముందే నీళ్లు నింపేవాణ్ని.

పైపుకు తగిలించే జల్లు గన్నుల సంగతీ అంతే. ఏడు రకాల జల్లు పడుతుందని అట్ట మీద బొమ్మలు వేసి అమ్ముతారు. మా దిక్కు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రెండు నెలలకు రంధ్రాలన్నీ తెల్లగా పూడిపోయి, ఏడు రకాల్లో ఒక్క రకం మిగులుతుంది, అదీ పక్కకు చిమ్ముతూ. లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది. ఇత్తడిదైతే మూత విప్పి, నిమ్మరసంలో నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఈ జ్ఞానమంతా నా దగ్గర ఉందని నాకు గర్వంగా ఉండేది. ఆఫీసులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ మిద్దె మీద కుండీలు పెట్టుకున్న ప్రతివాడూ నన్ను అడిగే కొనేవాడు. ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలియదని చెబుతాను.

మా అక్కది వేములపల్లి. బావ గొర్రెలు మేపుతాడు. ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో అక్క ఏటా మిరప, టమాట నారు పోసి రైతులకు అమ్మేది. చుట్టూ ఎటు చూసినా వరి ఉన్న ఊళ్లో ఆ నాలుగు మళ్లు వేరుగా కనిపించేవి. గొర్రెల ఎరువు మాది, జాగా మాది, రెక్కల కష్టం అక్కది. విత్తనం మాత్రం కోదాడామెది. కోదాడ నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చింది కాబట్టి ఊరంతా ఆమెను అలాగే పిలిచేది. పుట్టింటికి పోయినప్పుడల్లా మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, విత్తనం తీసి, బూడిదలో కలిపి మూట కట్టి తెచ్చేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ తెల్లచీర కుచ్చిళ్లు దోపుకుని అక్కతో పాటు మడిలో కూర్చుని కలుపు తీసేది. వాళ్లిద్దరి మధ్య కాగితం లేదు, ఒప్పందం లేదు. ఇరవై ఏళ్లు అలాగే సాగింది. అక్కకు ఒంట్లో బాగాలేక మిర్యాలగూడ దవాఖానలో పడుకున్నప్పుడు నేను సెలవు దొరకలేదని మూడో రోజు పోయాను. కోదాడామె మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

నారుకు నీళ్లు పోయడం సున్నితమైన పని. జల్లు మెత్తగా పడాలి, లేకపోతే విత్తనం పైకి తేలుతుంది, లేత మొలక వంగిపోతుంది. నేను సూర్యాపేట నుంచి తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు ఒకటి తర్వాత ఒకటి పగిలాయి. ఒకదానికి పిడి ఊడింది, ఒకదానికి ముక్కు విరిగింది. మూడోదాన్ని ఎండలో మరిచిపోతే అప్పడంలా పొడైంది. అక్క నవ్వి, నన్ను వెక్కిరించింది. "పెద్ద పరీక్షలు వెడ్తవ్ గద తమ్మీ, నువ్వు తెచ్చినయే గిట్ల వల్గుతయ్" అంది.

ఆ మాట నాకు తగిలింది. నవ్వుతూ అన్నదే, కానీ తగిలింది. ఈసారి జన్మంతా నిలిచే డబ్బా తెచ్చిస్తానని మనసులో అనుకున్నాను.

మిర్యాలగూడలో రైసు మిల్లుల రోడ్డు మీద ఒక పాత సామాను దుకాణం ఉంది. అక్కడ దొరికింది నాకు కావలసింది. పది లీటర్లు పట్టే క్యాను, మంచి మందం, కింద వేసి తొక్కినా సొట్ట పడలేదు. పొలాల్లో గడ్డిమందు కలిపి మోసుకుపోయిన క్యాను అది. దుకాణదారు దాచలేదు, సబ్బుతో కడుక్కుంటే ఏం కాదని మాత్రం చెప్పాడు. నాకూ అది వింతగా అనిపించలేదు. మా దిక్కు పొలాలకు పోయే దారిలో అలాంటి క్యాన్లలో తాగే నీళ్లు కూడా పోసుకుపోతారని నాకు తెలుసు. ఆ ప్లాస్టిక్ అంత గట్టిగా ఉంటుంది కాబట్టే ఎవరూ పారెయ్యరు.

ఊరికే తీసుకున్నానా అంటే, లేదు. సబ్బు పొడితో మూడుసార్లు కడిగాను. చింతపండు వేసి తోమాను. రెండు రోజులు ఎండబెట్టాను. అప్పుడు కూడా నమ్మలేదు. తెలిసిన రైతు వరి నారుమడిలో ఒక మూల అడిగి, వారం రోజులు ఆ క్యానుతోనే నీళ్లు పోయించాను. వరి నారు నిక్షేపంగా ఉంది, ఇంకా పచ్చబడింది కూడా. దాంతో క్యాను నా పరీక్ష నెగ్గింది. వెల్డింగ్ అతని దగ్గర ఇనుప పిడి వేయించి, స్టీలు జల్లెడ ముక్కు పెట్టించి, పైన నీలం రంగు వేయించాను.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. వరి పొలంలో చల్లే గడ్డిమందు వరిని చంపితే ఎవడు కొంటాడు? వరి బతకాలి, మధ్యలో మొలిచిన వెడల్పాకు కలుపు చావాలి, దాని పనే అది. మిరపది వెడల్పాకు, టమాటదీ వెడల్పాకే. వరి మధ్యలో పుట్టి పెరిగినవాణ్ని, ఆఫీసులో రైతుల దరఖాస్తులు రాసినవాణ్ని, మందును వరి మీద పరీక్షించి మిరపకు పనికొస్తుందని తీర్పు చెప్పాను. మాకు ఏ పంటను తలుచుకున్నా ముందు వరే గుర్తొస్తుంది. వరికి ఏం కాకపోతే లోకానికి ఏం కాదు.

అక్కకు ఇచ్చేటప్పుడు ప్రత్యేకంగా చేయించానని చెప్పాను. క్యాను ఎక్కడిదో చెప్పలేదు. అక్క మూత తీసి వాసన చూసి, ఏందో ఘాటుగా ఉందంది. కొత్త రంగు వాసనని చెప్పాను. కోదాడామె దాన్ని నిండా నింపి, ఎత్తి, నడిచి చూసి, ఇంత మంచి డబ్బా కోదాడలో కూడా దొరకదని మెచ్చుకుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పన్నెండు రోజులకు నారు చెడింది. ఆకులు గిన్నెల్లా ముడుచుకుపోయాయి. కాడలు మెలికలు తిరిగాయి, కొన్ని నేలకు ఒరిగి మళ్లీ పైకి లేవాలని చూసి వంకర్లు పోయాయి. ఒక్క మడి కాదు, నాలుగూ. నారు కావాలని ముందే మాట తీసుకున్న రైతులు వాకిట్లో నిలబడ్డారు. అదును దాటిపోతోందని, తమ పొలాలు దున్ని పెట్టుకున్నామని కేకలు వేశారు. ఆ రోజు ఆదివారం. నేను ఊళ్లోనే ఉన్నాను. కోదాడామె అప్పుడే చర్చి నుంచి వచ్చింది.

ఇత్తనమే చెడ్డదని గుంపులో ఎవరో అన్నారు. అక్క మొదట ఒప్పుకోలేదు. ఇంకొకరు, కోదాడ బజార్లో కల్తీ విత్తనం చాలా దొరుకుతుంది, ఆమె అక్కడే కొని ఇంట్లో తీశానని చెబుతుందేమో అన్నారు. అక్క భయపడి ఉంది. ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరు పోతుందని ఆమె భయం. కోదాడామె వైపు తిరిగి, అందరి ముందూ అనేసింది.

"నీ ఇత్తనం కల్తీది. నిన్ను నమ్మి నేను ఖతమైన."

కోదాడామె చేతిలోని బైబిలు చంకలోకి మార్చుకుని, కాసేపు మడి వైపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ సమయంలో నేను బోరు దగ్గర నిలబడి ఉన్నాను. నా చేతిలో ఆ నీలం డబ్బా ఉంది, సగం నీళ్లతో.

అప్పటికి నాకు తెలియదు, ఒట్టు. తెలిసింది ఆ సాయంత్రమే. సూర్యాపేటలో నా మిద్దె మీద రెండు కుండీల్లో అదే మిరప విత్తనం వేశాను, అక్క ఇచ్చిన పిడికెడులో కాస్త. వాటికి ఇత్తడి గన్నుతో నీళ్లు పెట్టేవాణ్ని. బస్సు దిగి మిద్దె ఎక్కి చూస్తే మొక్కలు నిటారుగా, కళకళలాడుతూ ఉన్నాయి. విత్తనం ఒకటే, ఎరువు అక్క పంపిందే. తేడా ఉన్నది ఒక్క డబ్బాలో.

అప్పుడే ఫోన్ తీసి రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు, కాస్త కోపాలు చల్లారాక చెబుదామనుకున్నాను. ఆ వారం వేములపల్లి పోయి, పిడి వదులైంది బాగుచేయిస్తానని డబ్బా పట్టుకొచ్చి, ఎవరికీ దొరక్కుండా కోసి పాతిపెట్టాను. కుండీల్లో మొక్కలు పీకేశాను. అక్కకు మామూలు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనిచ్చాను. నేను చేసిన పనుల్లో చాకచక్యంగా చేసిన పని అదొక్కటే.

ఆ ఎండాకాలానికి కోదాడామె కుటుంబం కోదాడకు మకాం మార్చింది. ఆమె భర్తకు అక్కడ పని దొరికిందన్నారు. పోయేటప్పుడు అక్క ఇంటి ముందు నుంచే ఆటో పోయింది, ఆగలేదు. అక్క దుకాణంలో కొన్న విత్తనంతో నారు పోసుకుని పని నడుపుకుంది. కానీ కలుపు తీసేటప్పుడు పక్కన మాట్లాడే మనిషి లేదు. ఒక్కతే కూర్చుని తీసేది. నేను పోయినప్పుడల్లా చూసేవాణ్ని, చూసి టీ తాగి వచ్చేసేవాణ్ని.

మూడేళ్లు గడిచాయి. మొన్న వానాకాలం ముందు అక్క ఫోన్ చేసి, బాగుచేయిస్తానని తీసుకుపోయిన ఆ నీలం డబ్బా ఏమైందని అడిగింది. దాని తర్వాత వచ్చినవేవీ అంత గట్టిగా లేవంది. కోదాడామె కూడా దాన్ని ఎంత మెచ్చుకుందో అని తనే గుర్తు చేసుకుంది. మూడేళ్లలో ఆమె పేరు అక్క నోట రావడం అదే మొదటిసారి. నేను ఏదో సర్ది చెప్పబోయి, రేపు వచ్చి చెబుతానన్నాను. మర్నాడు బస్సెక్కి పోయి, మడి గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. దుకాణం, వరి మీద పరీక్ష, కుండీలు, పాతిపెట్టడం, అన్నీ.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ని. అక్క చేతిలోని మట్టి పెళ్లను నలిపి మడిలో వేసింది.

"నారు పోతె మల్ల పోస్కున్న. ఆమెను యాడికెల్లి తేవాలె?" అంది. తర్వాత, "నువ్వే పో. నీ నోటితోని నువ్వే చెప్పిరా" అంది.

కోదాడలో ఆమె ఇల్లు వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. ఆమె వాకిట్లో పైపు వేలితో నొక్కి పట్టి బంతి మొక్కలకు నీళ్లు చల్లుతోంది. నన్ను చూసి పైపు కింద పెట్టింది గానీ కుళాయి కట్టేయలేదు. కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పాను. చెబుతున్నంతసేపూ నీళ్లు వాకిట్లో పారుతూనే ఉన్నాయి. అంతా విన్నాక ఆమెకు కోపం వస్తుందని, లేకపోతే ఏడుస్తుందని, తన విత్తనం మంచిదని తేలినందుకు కాస్త ఊరటైనా పడుతుందని ఊహించుకుంటూ పోయాను. ఆమె మాత్రం, నా విత్తనం సంగతి నాకు తెలియదా అన్నట్టు చూసింది.

"మందు నీదే కావచ్చు తమ్ముడూ. ఆ మాట మాత్రం మీ అక్కది" అంది. "ఇరవై ఏళ్లు నా చేతి విత్తనం పోసింది. ఏమైందే అని ఒక్కసారి నన్ను అడగాల్సింది. అడగలేదు."

ఆమె పైపు తీసుకుని మళ్లీ మొక్కల వైపు తిరిగింది.

బస్టాండుకు చేరేసరికి అక్క ఫోన్. ఏమన్నదని అడిగింది. మెత్తగా చెప్పడానికి మాటలు దొరికాయి, నాకు అలాంటివి ఎప్పుడూ దొరుకుతాయి. కానీ ఈసారి ఉన్నదున్నట్టు, ఆమె అన్న మాటే అన్నాను. లైను పోయిందేమోనని అక్కా, అక్కా అని పిలిచాను.

"ఇన్న తమ్మీ" అంది. "ఆమె అన్నది మూడేండ్ల సంది నా కడుపుల ఉన్న మాటనే. నువ్వు అప్పుడే చెప్పినా గూడ నేను అన్న మాట అనకపోయేదాన్నా? అన్న తర్వాతనే గద నీకు తెలిసింది." మళ్లీ తనే, "కాని ఆ రాత్రే నువ్వు చెప్పుంటె తెల్లారే నేను పోయి ఆమె కాళ్లు మొక్కుతుంటి. గా ఒక్క తెల్లారి నాకు లేకుంట చేసినవ్" అని ఫోన్ పెట్టేసింది.