అనుకూల్ మిస్త్రీ గోడ

మా చందన్‌నగర్‌లో కరెంటు పని తెలియని మగవాడి కోసం వెతకాలి. జగద్ధాత్రి పూజ దగ్గర పడితే చాలు, సందు సందునా అరుగుల మీద చిట్టి బల్బులకు రంగు కాగితాలు చుడుతూ కూర్చుంటారు. ఇంతమంది ఉన్నా మా ఇంటికి మిస్త్రీ అంటే అనుకూల్ హాల్దార్ ఒక్కడే. ఫ్యూజు పోయినా అతనే, ఫ్యాను కిర్రుమన్నా అతనే, ఆఖరికి మా అత్తగారి కళ్ళజోడు పుల్ల ఊడినా అతనే.

మనిషి పొట్టి, నలుపు. చెవి మీద బీడీ ఉండాల్సిన చోట టెస్టరు ఉండేది. గేటు దగ్గర సైకిలు ఆనించకముందే "జేఠిమా, టీ పెట్టారా?" అని, పెద్దమ్మను పిలిచినట్టు, మా అత్తగారికి కేక వేసేవాడు.

"మీ ఇంట్లో పొయ్యి వెలగదట్రా బాంగాల్?" అని మా అత్తగారు లోపల్నుంచి తిట్టేది. తిడుతూనే గిన్నె పొయ్యి మీద పెట్టేది.

బాంగాల్ అంటే తూర్పు బెంగాల్ మనిషి; అతను దేశం రెండు ముక్కలైనప్పుడు అక్కడి బారిసాల్ నుంచి తల్లి చంకనెక్కి వచ్చినవాడు. రైలుకట్ట పక్క కాలనీలో వెదురు తడికల గుడిసెలో పెరిగాడు. మా అత్తగారేమో తరతరాలుగా గంగ ఈ ఒడ్డునే ఉన్న ఘోటీల ఆడపడుచు. ఈ రెండు తెగలకూ ఒకరినొకరు వెక్కిరించుకోకపోతే తిన్నది అరగదు.

నేను కాపురానికొచ్చిన ఏడు అనుకూల్ దా (పెద్దవాడని అలా పిలిచేదాన్ని) పూజకి మా వీధి మొగలో బల్బులతో పులస చేపను కట్టాడు. అది తోక ఆడించేది, గాలం మింగబోయి వెనక్కి తగ్గేది, మళ్ళీ వచ్చేది. తడిక వెనక కూర్చుని రేకులు కొట్టిన చెక్క రోలరును అతను చేత్తో తిప్పుతుంటే బల్బులు వరసగా వెలిగి ఆరి అవతల చేప ఈదేది. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్లే చేస్తున్నాయి, నెమళ్ళూ ఏనుగులూ నిజమైనవాటి కంటే బాగా నడుస్తున్నాయి. చూస్తాను, బాగుందంటాను, ఇంటికొచ్చేస్తాను. ఆ చేప మీద పెట్టుకున్న ప్రేమ మాత్రం మరి దేని మీదా పెట్టుకోలేకపోయాను.

ఇంట్లో కొత్త వైరింగు వేయించాలన్నది నా పట్టుదల. పాత చెక్క పట్టీల మీది తీగల్ని ఎలుకలు కొరికేశాయి, వానాకాలం స్విచ్చు వేస్తే చిటపటలు. పైగా మేడ మీద మా అమ్మాయికి కొత్తగా గది వేశాం. "తీగన్నది నా కంటికి కనపడకూడదు అనుకూల్ దా, అంతా గోడల్లోపల్నించే పోవాలి" అన్నాను.

"సున్నపు గోడలు బౌదీ, నెమ్మదిగా కొట్టాలి" అన్నాడు. ఇక్కడ ఇంటి కోడలు ఎవరికైనా బౌదీయే, వదినమ్మే.

నెమ్మదంటే మరీ ఇంత నెమ్మదనుకోలేదు. గదులన్నిటికీ గాడి కొట్టాడు, పైపులు పెట్టాడు, తీగలు లాగాడు, సిమెంటు పూశాడు. ఒక్క వసారా గోడ దగ్గరికి మాత్రం రాడు. మీటరు నుంచి మేడకు లైను వెళ్ళాల్సింది అటునుంచే. పై దూలాలకు చెద పట్టింది, రెండో పక్క నీళ్ళ గొట్టం. మిగిలింది పూజగది తలుపుకీ మెట్లకీ మధ్య ఉన్న గోడ.

ఆ గోడ మీదే మా వసుధారలు. పెళ్ళికో అన్నప్రాశనకో పితృదేవతలను తలచుకునే పూజలో గోడకు సిందూరం బొట్లు పెట్టి, వాటి మీదనుంచి కరిగిన నెయ్యి ధారలుగా పోస్తాం. సిందూరం వెలిసిపోతుంది కానీ నెయ్యి పీల్చిన గోడ మీద సున్నం నిలవదు, చారలు ఉండిపోతాయి. మామగారి పెళ్ళివి, మా ఆయన పెళ్ళివి, మా అమ్మాయి అన్నప్రాశనవి, ఇంకా ఎవరెవరివో. గోడ నిండా జిడ్డు మరకలని నాకు లోపల్లోపల విసుగే.

పొద్దున్నే వచ్చి ఆ గోడ ముందు నిలబడేవాడు. తర్వాత ఎక్కడో బాగానే ఉన్న స్విచ్చు బోర్డు విప్పి మళ్ళీ బిగించేవాడు. నాకు ఒళ్ళు మండింది.

"పూజ లైట్ల పని మొదలైతే మళ్ళీ నీ మొహం కనపడదు. పిల్ల ఇంకా కిరసనాయిలు దీపంతో చదువుతోంది. ఆ గోడకేమైనా ముహూర్తం పెట్టించాలా?"

"రేపు కొట్టేస్తా బౌదీ" అన్నాడు తల వంచుకుని.

మర్నాడు నిజంగానే వసారాలో ఉలి, సుత్తి దించిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, గోడ మీద పెన్సిలు గీత పాములా మెలికలు తిరిగి ఉంది. ఒకరి చారల్ని తప్పించుకుని, ఇంకొకరి వాటి పక్కనుంచి దూరి, చివర మెట్ల వైపున్న చారల దగ్గరికొచ్చేసరికి మాత్రం వాటి నడిమధ్యనుంచి నిట్టనిలువుగా పోయింది. ఉలి అక్కడే ఆనించి ఉంది.

పూజగదిలోంచి అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది.

"ఆ గీతేంట్రా? బాంగాళ్ళకి గీత తిన్నగా గీయడం రాదా?"

"ఘోటీల గోడ తిన్నగా ఉంటేగా జేఠిమా! చూసుకోండి, మీవాళ్ళవి ఒక్కటీ తగల్లేదు."

"మావాళ్ళవి తగల్లేదు సరే. తగిలేవి ఎవరివి?"

అతను ఉలి వంకే చూస్తూ అన్నాడు. "నావేగా. నావి నేను కొట్టుకుంటే అడిగేదెవరు? అడిగే మనిషి వెళ్ళిపోయింది."

ఆ మనిషి అతని భార్య మలినా. పోయి ఏడాది కాలేదు. పిల్లల్లేరు.

నాకేమీ అర్థం కాలేదు. అత్తగారే చెప్పింది. అతని పెళ్ళికి వసుధార పోయడానికి గోడ లేదు. తడికల మీద నెయ్యి పోస్తే కిందికి జారదు, సందుల్లోంచి అవతల పడుతుంది. కాలనీలో అందరివీ తడికలే. సంగతి తెలిసి మామగారు ఇక్కడికి రమ్మన్నారు. పరాయి గోడ మీద ఎలాగని పురోహితుడు సణిగితే, "గోడ నాది, గోత్రం వాడిది. మంత్రం గోత్రానికి చదవండి, నెయ్యి గోడకు పోయించండి" అన్నారట. తర్వాతెప్పుడో అతను ఇటుకలతో గది కట్టుకున్నాడు. కానీ ఆ గోడ మీద పోయడానికి మళ్ళీ ఏ శుభకార్యమూ జరగలేదు.

అత్తగారు చెయ్యి చాపింది. "ఆవేళ గిన్నె పట్టుకున్నది నేను. వేడి నెయ్యి ఒలికి బొబ్బ లేచింది, ఇదిగో మచ్చ. నా చేతిమీదుగా నా గోడ మీద పోసినవి నీవెలా అవుతాయిరా? ఉలి అవతల పెట్టు."

అనుకూల్ దా తల తిప్పుకుని భుజం మీది తుండుతో మొహం తుడుచుకున్నాడు. సున్నం దుమ్మన్నాడు. ఇంకా గాడి కొట్టనే లేదు, దుమ్మెక్కడిది?

"మరి లైను ఎట్నుంచి పోనివ్వను జేఠిమా, గాల్లోంచా?"

"ఇదివరకు ఎలా పోయింది? గోడ మీద చెక్క కొట్టు."

"బౌదీ కంటికి తీగ కనపడకూడదుగా."

ఇద్దరూ నా వంక చూశారు. "నా మొహం మీదేముంది? ముందు ఆ చెక్క పట్టీ దొరుకుతుందో లేదో చూడు!" అని కసిరాను.

దొరకడమేమిటి, అతని మంచం కిందే ఉంది, పాత టేకు పట్టీ. గాడి పట్టనంత ఇరుకులో ఆ సన్న పట్టీ పట్టింది. చారల మధ్యనుంచి, ఒక్కదాని మీదా మేకు పడకుండా మెట్ల దాకా పోయింది. ఆ సాయంత్రం మేడ గదిలో లైటు వెలిగింది. అత్తగారు టీతోపాటు రసగుల్లా కూడా పెట్టింది. పెడుతూ "బాంగాల్ పని, ఎన్నాళ్ళుంటుందో" అంది.

అతనూ పోయాడు, అత్తగారూ పోయింది. మా అమ్మాయి పెళ్ళిలో పోసిన నెయ్యికి ఆ గోడ మీద చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. వసారాలో వాళ్ళ తిట్లు వినపడని సాయంత్రాలు నాకిప్పటికీ అలవాటు కాలేదు.

మొన్న రంగులు వేయడానికి కొత్త మనిషి వచ్చాడు. గోడంతా తడిమి చూసి, "బౌదీ, ఈ చెక్క పీకేసి, మరకలు గీకేసి ప్రైమరు కొడితే అద్దంలా ఉంటుంది. అసలివన్నీ ఎవరివి?" అన్నాడు.

వేలుపెట్టి చూపించాను. ఇవి మా మామగారివి, ఇవి మా ఆయనవి, ఇవి మా అమ్మాయివి.

"ఆ మెట్ల పక్కవి?"

"మా పెద్ద బావగారివి" అన్నాను.

అతను వాటి చుట్టూ కూడా టేపు అంటించి, మిగతా గోడకు రంగు వేసుకుంటూ పోయాడు.