జవాబుకి ముందే మోగిన బెల్లు

మా బెన్నీ నాస్తికుడిలా వాదిస్తే దేవుడికి కూడా తనమీద కాస్త అనుమానం వస్తుందని మేం నవ్వుకునేవాళ్ళం. పటమటలో సెల్‌ఫోన్ల షాపు మీది మేడగదిలో, సాయంత్రాలు, పాస్టరు శిక్షణ తరగతులు. బెన్నీ గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల షాపు గుమాస్తా. నలభై దాటాక సేవకి పిలుపొచ్చిందని మాతోపాటు చేరాడు. మత తత్వశాస్త్రం, విశ్వాస సమర్థన అనే పాఠాల పేర్లు వినే కొందరు మానేశారు. బెన్నీకి అవే నచ్చాయి.

మా మాస్టారిది ఒకటే సూత్రం. "అవతలివాడి ప్రశ్నని ముందు వాడికంటే గట్టిగా మీరు చెప్పండి. జవాబు ఆ తర్వాత." అందుకని క్లాసులో ఎవరో ఒకరు దేవుడు లేడని వాదించాలి. ఇంట్లో తెలిస్తే బాగోదని ఎవరూ లేచేవాళ్ళు కాదు. బెన్నీ లేచేవాడు. మేం నోట్సులు తిరగేసేవాళ్ళం.

"అంతా బాగానే ఉందిగానీ, మనవైపుకి ఎప్పుడొస్తావయ్యా బెన్నీ?" అనేవారు మాస్టారు.

ఇంతలో ఉయ్యూరు అవతల బెన్నీ అమ్మమ్మగారి ఊళ్ళో చర్చికి పాస్టరు కావాలన్నారు. అక్కడ నిలబడి వాక్యం చెప్పాలని వాడికి చిన్నప్పటి కోరిక.

"ఇది పోతే ఇంక లేదురా. ఈ వయసులో నన్నెవరు పిలుస్తారు?" అన్నాడు నా స్కూటరు వెనక కూర్చుని, ఆ ఊరికి వెళ్ళే దారి పొడవునా.

ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్ళందరిచేతా ఒకే ఆదివారం ప్రసంగం చెప్పిస్తారు. అందరికీ సమానంగా టైము. సంఘ పెద్ద బసవపున్నయ్యగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ముందు బల్లమీద బెల్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆయన కొట్టాక బిషప్పుగారైనా దిగాల్సిందే.

బెన్నీ లేచాడు. బాధ ఎందుకుంది అనేది అంశం. మాస్టారి సూత్రం ప్రకారం ముందు ప్రశ్న ఎత్తుకున్నాడు.

"ఇదే గుడిలో మనందరం ఒక పసిదాని కోసం ఉపవాసముండి ప్రార్థించాం."

"స్తోత్రం," అన్నారు ఆడవాళ్ళు. ప్రసంగంలో ఎక్కడ ఆగితే అక్కడ స్తోత్రం అనడం వాళ్ళకి ఊపిరి తీసినంత అలవాటు.

"ఆ పిల్ల డెంగీ జ్వరంతో పోయింది."

"స్తోత్రం."

నేను తల వంచుకున్నాను.

"దేవుడికి చేతకాలేదా?"

"స్తోత్రం," అన్నది ఒకటే గొంతు, అదీ సగంలో ఆగింది. విసనకర్రలు కూడా ఆగాయి.

"చేతనై కూడా ఊరుకున్నాడా? మన చుట్టుపక్కల ఎవరైనా అలా ఊరుకుంటే వాణ్ణి మంచివాడంటామా?"

చెప్పొద్దూ, క్లాసులో కూడా వాడు అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మంచినీళ్ళు ఒక గుక్క తాగి, "ఇప్పుడు జవాబు చూద్దాం," అని బైబిలు తెరిచాడు.

బెల్లు మోగింది.

"అయ్యగారూ, అసలు సంగతి ఇప్పుడే…"

"రూలు రూలేనండీ," అన్నారు బసవపున్నయ్యగారు. ఆయన మొహంలో కోపం లేదు. తొందరగా దింపేయాలన్న ఆత్రం మాత్రం ఉంది.

తర్వాతి కుర్రాయన కీబోర్డు తెచ్చుకున్నాడు. పాట పాడి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఉద్యోగం ఆయనకే వచ్చింది.

చెప్పుల దగ్గర శౌరమ్మ నిలబడి ఉంది. పోయింది ఆమె మనవరాలే. బెన్నీని చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి.

"ఏవయ్యా, జవాబు చెప్పకుండానే దిగావు?"

"బెల్లు కొట్టేశారు పెద్దమ్మా. మనుషులకి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు కదా, అందువల్ల…"

"దోమకి కూడా ఇచ్చాడా?"

బెన్నీ ఇంకో జవాబు ఎత్తుకున్నాడు. బాధలో మనిషి గట్టిపడతాడన్నాడు.

"దానికి అయిదేళ్ళు నాయనా. గట్టిపడి ఏం చెయ్యాలి?"

ఇంకా ఒకటి రెండు ఉన్నాయి వాడి దగ్గర. బైబిలు చంకలో పెట్టుకుని, చెప్పులు వెతుక్కున్నాడు.

"నేనేదో లోపల సర్దిపెట్టుకున్నాను," అంది శౌరమ్మ చెప్పు వేసుకుంటూ. "దాన్ని తీసి నడివీధిలో పెట్టావు. నువ్వు చెడ్డవాడివని కాదులే. చక్కగా చెప్పావు. మళ్ళీ లోపలికి ఎలా పెట్టుకోవాలో తెలీట్లా."

ఆ తర్వాత ఆమె చర్చికి రావడం మానేసిందని తెలిసింది. ఉద్యోగం రానందుకు ఏడవని బెన్నీ దీనికి ఏడ్చాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆమె అరుగు మీదికి వెళ్ళేవాడు, మా క్లాసు మాస్టారిని అడిగి కొత్త జవాబు పట్టుకుని. ఆమె మజ్జిగ ఇచ్చి, ఓపిగ్గా విని, "ఇదీ కాదు బాబూ," అనేది, చీర రంగు నచ్చనట్టు.

ఈ మధ్య నేనూ వెంట వెళ్ళాను. చర్చిలోంచి కీబోర్డు వినిపిస్తోంది.

"ఇవాళేం తెచ్చావు?" అంది శౌరమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా. అయిపోయాయి."

ఆమె వాడివంక చూసింది. ఒకటైనా మిగిలుంటుందని ఆశపడిందేమో, నాకు తెలీదు. మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. చర్చిలో ఆడవాళ్ళు స్తోత్రం అన్నారు. బెన్నీ పెదవులు అలవాటుగా కదిలాయి. మాట బయటికి రాలేదు.