నూట అయిదో మెట్టు

హార్లో హిల్ కాలేజీ గుట్టకు నూట నాలుగు రాతిమెట్లున్నాయి. ఒక్కదాని మీదా మార్లీన్ బుషే కాలు పెట్టదు. పైనున్న ముప్పై ఏడు మెట్లనూ చెక్కిందీ, దించిందీ, సమంగా కూర్చోబెట్టిందీ ఆవిడే. అయినా పనిమీద పైకి వెళ్ళాల్సివస్తే పక్కన గడ్డిలో పడిన కాలిబాటే పడుతుంది. రాయి వేసేటప్పుడు కూడా గడ్డి మీద చెక్కలు పరుచుకుని, వాటిమీద మోకాళ్ళూని, వంగి పనిచేస్తుంది. అమెరికాలో ఈ మూల, మా వర్మాంట్ కొండల్లో ఇదేం వింత కాదు. పట్టా పుచ్చుకున్నవాళ్ళే ఆ మెట్లు ఎక్కాలి. అంతకుముందే తొక్కితే పట్టా రాదని పిల్లలు నమ్ముతారు. నమ్మనివాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవ అని గడ్డిలోనే నడుస్తారు.

ఏటా మే నెలలో ఆ సంవత్సరం అంకెలు చెక్కిన ఒక మెట్టు పడుతుంది. ఆ ఏడు చదువు పూర్తయినవాళ్ళు నల్లగౌన్లు, పలకల టోపీలు వేసుకుని వరసగా ఎక్కుతారు. వాళ్ళలో ఒకరు కొత్తమెట్టు మీద నిలబడి, "కింద ఎవరున్నారు?" అని కేకేస్తారు. అడుగున గడ్డిలో నిలబడ్డ మూడో ఏడువాళ్ళు, అంటే నాలుగేళ్ళ చదువు వచ్చే ఏడు ముగించబోయేవాళ్ళు, "మేమున్నాం, వస్తున్నాం" అని అరుస్తారు. అప్పుడు గుట్ట మీద గంట కొడతారు. జవాబు వినపడందే గంట కొట్టకూడదు. గంట మోగందే టోపీలు తీయకూడదు. యుద్ధకాలంలో పదకొండుమందే మిగిలిన ఏడు కూడా ఇది తప్పలేదు. ఆమధ్య కరోనా రోజుల్లో అందరూ ఇళ్ళల్లో కూర్చుని కంప్యూటర్లలోంచి కేకలేసుకున్నారు. నవ్వొచ్చిందిగాని, జరిగింది.

ఈ ఏడు మాత్రం జవాబు చెప్పేవాళ్ళు లేరు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది, మే తరవాత కాలేజీ మూసేస్తున్నామని. చేరేవాళ్ళు పదేళ్ళుగా తగ్గిపోతూనే ఉన్నారు. కాలేజీ పెద్దలు అన్నాళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆఖర్న ఓ నెల హడావుడి చేసి చేతులెత్తేశారు. ఉత్తరం అందినపూట మార్లీన్ గుట్ట అడుగునున్న పనిముట్ల షెడ్డులో కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తింటోంది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మిగతా సగం కూడా తినేసింది. పాతికేళ్ళుగా ఆవిడతోపాటు అక్కడ గడ్డి కోస్తూ, మే నెలలో గంట కొట్టే రస్ కిట్రెడ్జ్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏం మార్లీన్, ఏమీ అనవేం?"

"ఏమనాలి?"

"తిట్టు. పొద్దుట్నుంచీ నేనొక్కణ్ణే తిడుతున్నా. దవడలు నొప్పెడుతున్నాయి, కాస్త అందుకో."

"నువ్వు బాగానే తిడుతున్నావు. నాకంత బాగా రాదు," అంది మార్లీన్, ఒళ్ళో పడ్డ రొట్టెముక్కలు దులుపుకుంటూ.

బాధ లేదని కాదు. ఉందో లేదో ఆవిడకే తెలియలేదు. జనవరిలో చేతొడుగుల్లేకుండా రాయి పట్టుకుంటే కాసేపటికి వేళ్ళున్న సంగతే తెలియదు. ఆవిడ లోపల అలా ఉంది. అయితే అది ఆ ఉత్తరంతో మొదలైంది కాదు.

మార్లీన్ తండ్రి ఆర్మండ్ బుషే ఆ కాలేజీలో రాతిపనివాడు. గేటు పక్కనున్న రెండు గదుల ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చింది. పనివాళ్ళ పిల్లలకు చదువు ఉచితం. అలా మార్లీన్ 1984లో చేరింది. బుషేల ఇంట్లో హైస్కూలు దాటిన మొదటి మనిషి ఆవిడే. రాళ్ళగనిలో కనపడ్డవాడికల్లా ఆర్మండ్ ఆ మాట చెప్పుకున్నాడు, రెండోసారి విన్నవాళ్ళు తప్పుకు తిరిగేదాకా. మొదటి ఏడు నవంబరులో మంచు పడ్డ ఒక పొద్దున్న ఆవిడ గడ్డిలో జారింది. పడకుండా ఆపుకోబోయి 1953 మెట్టు మీద ఎడమకాలు వేసేసింది. వెనకాలే వస్తున్న స్నేహితురాలు జోఆన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయిపోయిందే నీ పని. ఇక మీ నాన్నతో రాళ్ళు కొట్టుకోవాల్సిందే."

"పూర్తిగా వెయ్యలేదే. మడమ గాల్లోనే ఉంది."

"అయితే మడమకిస్తార్లే పట్టా."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

1987 మే నెలలో మూడో ఏడువాళ్ళతో కలిసి గుట్ట అడుగున నిలబడి, "మేమున్నాం, వస్తున్నాం" అని గొంతు బొంగురుపోయేలా అరిచింది మార్లీన్. ఆగస్టులో ఆర్మండ్‌కి పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. తల్లి అప్పటికే లేదు. కాలేజీ ఆఫీసు పెద్దమనిషి ఒకాయన పువ్వులు పట్టుకుని పరామర్శకొచ్చాడు. అరగంట జాలి చూపించి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలని చెప్పి వెళ్ళాడు. మర్నాడు మార్లీన్ ఆయన దగ్గరికెళ్ళి తండ్రి పని తను చేస్తానంది. చదువు ఆపేది ఒక్క ఏడాదే అనుకుంది.

ఆ ఉద్యోగంలో ఆవిడ చెక్కిన మొదటి మెట్టు తన తరగతిదే. తండ్రి కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో చూపిస్తూ అంకెలు నాలుగుసార్లు గీయించాడు. మే నెలలో జోఆన్, మిగతావాళ్ళు ఆ రాయి చుట్టూ నిలబడ్డారు. మార్లీన్ చొక్కా చేతులకి సిమెంటుతో పక్క గడ్డిలో నిలబడింది. జోఆన్ ఒకసారి చూసి, కళ్ళు తిప్పేసుకుంది. పిలిచి ఉంటే ఎక్కేదో లేదోగాని, ఎవరూ పిలవలేదు. పిలవడం ఆచారం కాదు. గంట మోగింది. అందరూ టోపీలు ఎగరేశారు. మార్లీన్ చెక్కలు తీసి షెడ్డులో పెట్టింది.

ఆర్మండ్ మరో పదకొండేళ్ళు బతికాడు. ఆ పదకొండేళ్ళలో 'ఒక్క ఏడాది' అన్నమాట ఎక్కడ జారిపోయిందో ఆవిడ గమనించలేదు. మధ్యలో ఒక పెళ్ళి జరిగింది, ఆరేళ్ళుంది, పోయింది. దాన్నిగురించి ఎవరడిగినా ఆవిడ చెప్పేది అంతే. ఏటా మే నెలలో కేక వినపడేవేళకి షెడ్డులోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పేసి, పారలు కడుక్కునేది. నీళ్ళచప్పుడులో జవాబు కలిసిపోయేది.

ఈ ఏప్రిల్లో తాలియా మెక్‌ఆర్డల్ అనే అమ్మాయి షెడ్డుకొచ్చింది. ఆఖరి తరగతి తరఫున కేక వెయ్యాల్సింది ఆ పిల్లే.

"మార్లీన్ గారూ, ఒక సాయం కావాలి."

"మెట్టు గురించయితే బెంగపడకు. రాయి అక్టోబరులోనే తెప్పించి పెట్టా."

"మెట్టు కాదండీ. మూడో ఏడువాళ్ళు రారట. పరీక్షలవగానే తలో కాలేజీకి పంపేస్తున్నారు కదా. అడగడానికెళ్తే, వచ్చి ఏం చెప్పమంటావు, అబద్ధమా అని మొహం మీదే అన్నారు."

"నిజమేగా."

"నిజమే. అందుకే కోప్పడ్డానిక్కూడా లేదు. రస్ గారేమో జవాబు రాకపోతే గంట తాడు ముట్టనంటున్నారు."

"వాడు ముట్టనన్నాడంటే ముట్టడు."

తాలియా బొటనవేలితో నేలమీద రాతిపొడిని రాస్తూ నిలబడింది. "మీరు చెప్తారా జవాబు? మీరిక్కడ మూడేళ్ళు చదివారట. ఆ లెక్కన మీరింకా మూడో ఏడే కదండీ."

మార్లీన్ చేతిలో ఉలి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"రస్ గారు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు." ఉలి కింద పెట్టింది. "చూడమ్మాయ్, ఆ జవాబు నేనోసారి చెప్పాను. వస్తున్నానన్నాను. ఇదిగో, ఇంకా షెడ్డులోనే ఉన్నా. రెండోసారి చెప్పించకు."

"సరేనండీ," అంది తాలియా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వేసిన కేక వేసినట్టే నాకే తిరిగొస్తే ఏం చెయ్యాలో తెలీడం లేదు. అంతే. కోపం తెచ్చుకోకండి."

సాయంత్రం మార్లీన్ రస్‌ని నిలదీసింది.

"నా సంగతి ఊరంతా టముకేశావా?"

"ఊరేముంది, ఒక్క పిల్లకేగా చెప్పా."

"ఆ గంటేదో కొట్టేస్తే పోతుంది కదా. ఈసారి ఎవడడుగుతాడు?"

"నేనడుగుతా. నూట నాలుగుసార్లు విని కొట్టిన గంట. ఆఖరిసారి వినకుండా కొట్టి ఆ పేరు నేను మోయాలా? నావల్ల కాదు."

మార్లీన్ మర్నాటినుంచి మామూలుగా పనిచేసుకుంది. మే మూడోవారంలో నూట అయిదో రాయి దించి, మట్టం చూసి, సందులు పూసింది. గంట గుమ్మందాకా చేరడానికి ఇంకా పదిహేను మెట్లు తక్కువ. నూరేళ్ళకిందట కొలత తీసినవాళ్ళు ఆ పదిహేనూ తమ తరవాతివాళ్ళు చూసుకుంటారనుకున్నారు.

ఆ శనివారం ఎండ బాగా కాసింది. తల్లిదండ్రులు మడతకుర్చీల్లో కూర్చున్నారు. నలభైముగ్గురు గౌన్లు పట్టుకుని మెట్లెక్కారు. మార్లీన్ అలవాటుగా షెడ్డులోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. షెడ్డుకి నీళ్ళు గురువారమే కట్టేశారని అప్పుడు గుర్తొచ్చింది. ఎండిన పార చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"కింద ఎవరున్నారు?"

ముప్పై ఏడేళ్ళ తరవాత ఆ కేక ఆవిడ చెవిలో పూర్తిగా పడింది. దాని వెనకాల ఏమీ రాలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. వేదిక మీద కాలేజీ అధ్యక్షుడు మైకు వైపు వంగి, ఏమనాలో తోచక వెనక్కి జరిగాడు.

"కింద ఎవరున్నారు?" ఈసారి తాలియా గొంతు సన్నబడింది.

గుట్ట మీద గంట కదల్లేదు. నలభైముగ్గురూ టోపీలతో కిందికి చూస్తున్నారు. మూడోసారి కేకలో మొదటి మాట మాత్రమే బయటికొచ్చింది.

మార్లీన్ షెడ్డులోంచి బయటికొచ్చింది, పార ఇంకా చేతిలోనే ఉంది. మూడో ఏడువాళ్ళు నిలబడే చోటికి నడిచింది. ఈ ఏడు అక్కడ గడ్డి నలగలేదు. నోరు తెరిచింది. జవాబు మొత్తం నోటికి వచ్చినదే, ఏళ్ళతరబడి అక్కడే కూర్చుని ఉన్నదే. 'మేము' అనడానికి పక్కన ఎవరూ లేరు.

"నేనున్నా," అంది.

అరవలేదు. కాని ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది. తాలియా రెండో మాట కోసం చూసింది. అందరూ చూశారు. ఆ మాట మార్లీన్ అనలేదు. ఒకసారి అని తప్పిన మాట. ఉన్నానన్నది మాత్రం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

సగం జవాబుకి తాడు లాగచ్చో కూడదో రస్‌కి తెలియదు. అతను ఒక్క క్షణం ఆగాడేమో. తరవాత గంట మోగింది. టోపీలు పైకి లేచాయి.

జనం వెళ్ళిపోయాక మార్లీన్ గడ్డిబాట పట్టి, పైనున్న చెక్కలకోసం ఎక్కింది. రస్ గంటగదికి తాళం వేసి వచ్చాడు.

"సగమే చెప్పావు."

"సగానికే కొట్టావు."

"చెయ్యి ఆగలేదు," అని ఒప్పుకున్నాడు రస్. మెట్లవైపు చూసి, బూటుకాలు తీసి కొత్తరాయి మీద బలంగా వేశాడు. "రా, ఇటునుంచి దిగుదాం. ఇక తొక్కితే పోయే పట్టా ఎక్కడుంది?"

"నువ్వు దిగు. నేనిటే వస్తా."

"చూసేవాళ్ళు కూడా లేరే తల్లీ."

"చూస్తారని నడిచానా ఇన్నాళ్ళూ?"

రస్ తల ఊపి, మెట్లమీద టకటకా దిగిపోయాడు. మార్లీన్ చెక్కలు భుజానికెత్తుకుని గడ్డిలో దిగింది. తన తరగతిదైన 1988 మెట్టు దగ్గర ఆగింది. మొద్దుబారిన వేళ్ళకి వేడి తగిలితే ముందు తెలిసేది నొప్పే. ఆ నొప్పి ఇప్పుడు తెలిసింది, గుండెల్లో, పళ్ళు బిగబట్టేంతగా. అయినా కాసేపు నిలబడింది. ఎవరైనా పిలుస్తారని కాదు. పిలిచేవాళ్ళు ఇక ఉండరని ఆ రాయి పక్కన నిలబడితేగాని నమ్మకం కుదరలేదు. తరవాత చెక్కల్ని రెండో భుజానికి మార్చుకుని, గడ్డిలోనే కిందికి దిగింది.