ఎక్కువ గజాల కెమెరా

మా ఊరు పాల్మాకులలో మల్లేశ్వర్‌కు లోకంలో ఏ వస్తువైనా గజాల్లోనే అర్థమవుతుంది. శంషాబాద్ శివార్లో నాలుగెకరాల పొలం కొని, అరవై గజాల ముక్కలుగా కోసి అమ్మిన రోజు నుంచి అతనికి పరుపు ఎన్ని గజాలు, ఇడ్లీ పళ్లెం ఎన్ని గజాలు అన్న ఆలోచన తప్ప మరొకటి లేదు. సొంత మామ దినానికి వేసిన విస్తరిని కూడా ఈశాన్యం వైపు జరుపుకుని కూర్చున్నాడు.

అలాంటి మనిషికి నిరుడు బోనాల రోజు పెద్ద దెబ్బ తగిలింది. పొద్దుగూకే వేళ భార్య శివమ్మ తల మీద బోనం, బోనం మీద దీపంతో ఊరేగింపులో నడుస్తుంటే, ఇతను ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఫొటో తీశాడు. ఆ వెలుగుకు కిందికి దిగుతున్న విమానం ఒకటి రన్‌వే ఇక్కడే ఉందనుకుని మా ఊరి మీద రెండు చుట్లు తిరిగింది. నా కళ్లతో చూశాను. ఫొటోలో మాత్రం శివమ్మ ముఖం సున్నం కొట్టిన గోడలా తేలింది. దీపం లేనే లేదు.

"దీపం లేని బోనం ఏంది? చూసినోళ్లు ఖాళీ కుండ మోస్తున్నదనుకోరా?" అని ఆమె ఏడాదంతా సాధించింది. అదే సాయంత్రం మరిది శంకరయ్య తీసిన తోటికోడలు సునీత ఫొటో ఫ్రేము కట్టించుకుని గోడెక్కింది. ఈసారి శివమ్మ ముందే తేల్చేసింది: "ఈ యేడు గూడ గట్లనే తీస్తే, ఇగ నీ తమ్ముణ్ణే తియ్యమంట. నీ ముందట నిలబడ."

తమ్ముడి చేతిలో ఓడడం కన్నా వెంచర్ మునగడం మేలనుకునే రకం మల్లేశ్వర్. పెట్టెల మీద ఇంగ్లీషు చదవడానికి నన్ను బండెక్కించుకుని శంషాబాద్‌లో కెమెరా దుకాణానికి పోయాడు. కాన్వెంటులో సిస్టర్లు వేళ్ల మీద స్కేలుతో కొట్టి నేర్పిన ఇంగ్లీషు ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది.

కౌంటర్ వెనక నబీలా అనే అమ్మాయి ఉంది.

"బిడ్డా, ఎక్కువ మెగాపిక్సెళ్లున్నది చూపియ్యి," అన్నాడు, ప్లాటు అడిగినట్టు.

ఆమె రెండు కెమెరాలు పెట్టింది. "ఇది యాభై. ఇది ఇరవైనాలుగే. చీకట్ల తీస్తవా అన్నా?"

"పొద్దుగూకినంక. దీపం కనబడాలె, మా ఆమె మొహం కనబడాలె. యాభైదే ఇయ్యి. డబల్ ఉన్నది గద!"

"జర ఆగన్నా. కెమెరా లోపల సెన్సరని ఉంటది, అది నీ జాగ అనుకో. ఈ యాభై దాంట్ల జాగ గోరంత. అండ్ల అన్ని ప్లాట్లు కోస్తే ఒక్కో ఇంట్లకు వెలుతురు ఏడికెల్లి వస్తది? ఈ రెండో దాంట్ల జాగ పెద్దది, ప్లాట్లు తక్కువ. లెన్సు కూడ పెద్ద దర్వాజ లెక్క. ఫ్లాష్ అక్కర్లేదు."

మల్లేశ్వర్ ముఖం మాడింది. "నా వెంచర్ సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"చెప్పుడేంది? అండ్లనే కిరాయికుంటం. నలభై ఏడో నంబరు. పట్టపగలు లైటేస్తెనే మా అమ్మీకి ఉప్పేదో చక్కెరేదో తెలుస్తది. రా, రెండు కెమెరాలు మా వంటింట్లనే పరీక్ష చేద్దాం. శంషాబాద్‌ల అంతకన్న మంచి చీకటి దొరకదు."

పోయాం. మధ్యాహ్నం పన్నెండు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడే కిటికీ తలుపులా ఉంది. నబీలా లైటు ఆర్పింది. అప్పుడు నా కాలు తొక్కింది మల్లేశ్వరో, దారి తప్పి వచ్చిన ఎలుగుబంటో ఇప్పటికీ చెప్పలేను.

"అమ్మీ, ప్లాట్లు కోసిన సేఠ్ ఈయనే," అంది నబీలా.

పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న తల్లి మాజిదా నవ్వింది. "రా సేఠ్. నీ పుణ్యాన మాకు కళ్లద్దాల ఖర్చు తప్పింది. చూసేటందుకు ఏమన్నా కనబడితే గద!"

రెండింటితోనూ ఫొటో తీసి చూశాం. యాభై దాంట్లో ఆమె ముఖం మీద రవ్వ చల్లినట్టు గింజలే గింజలు. ఇరవైనాలుగు దాంట్లో ఆమె నవ్వు కనబడింది, పొయ్యి మంట నీలంగా కనబడింది. గోడకు పట్టిన చెమ్మ, కిటికీకి అడ్డంగా పక్కింటి గోడ కూడా దాక్కోలేకపోయాయి. మల్లేశ్వర్ దాన్నే కొన్నాడు. అతను బేరమాడకుండా కొనడం నేను చూసింది అదొక్కసారే.

బోనాల సాయంత్రం ఫ్లాష్ లేకుండా తీశాడు. దీపం దీపంలా వెలిగింది. కింద శివమ్మ ముఖం పసుపుతో సహా కనబడింది. ఆమె కెమెరా లాక్కుని, "గిది ఫొటో అంటే!" అని ముందు సునీతకు, తర్వాత వీధి మొత్తానికీ చూపించింది. ఇంకేం తీశాడోనని మీట నొక్కుతూ పాత ఫొటోల్లోకి పోయి, వంటింటి ఫొటో దగ్గర ఆగింది.

"ఇదెవలి ఇల్లయ్యా? కిటికీ తెరిస్తే గోడ! గిట్ల ప్లాట్లు కోసినోని చేతులిరగ!"

"బ్యాటరీ అయిపోయింది," అంటూ మల్లేశ్వర్ కెమెరా గుంజుకుని ఆపేశాడు.

తెర మూలన బ్యాటరీ బొమ్మ నిండుగా ఉంది. అది చదవడానికి కాన్వెంటు అక్కర్లేదు.