పిడికెడు బియ్యం డబ్బా

ఇవాళ చర్చిలో మా పాప ఫోన్ చూస్తుంటే నాలుగుసార్లు కసిరాను. లాభం లేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే ఆ డబ్బా గుర్తొచ్చింది. బోధన్ సండే స్కూల్ దోస్తులారా, మీ ఇంట్లోనూ ఉండేది కదా? ఎసరు పెట్టగానే చర్చి కోసం పిడికెడు బియ్యం తీసి అందులో వేసే పని పిల్లలదే. ఆదివారం ఆ డబ్బాలతో మనమంతా ముందు వరుసలో!

ఒక వానాకాలం మా అమ్మకు బీడీల పని దొరకలేదు. ఇంట్లో బియ్యం అడుక్కు చేరాయి. నేను పిడికిలి నిండా తీయకుండా నాలుగు గింజలే వేశాను. అమ్మ చూసింది. ఆ వారమే పాస్టరయ్య ఒక సంచిలో బియ్యం తెచ్చిచ్చాడు. దొడ్డువి, సన్నవి, రేషన్ షాపు కంట్రోల్‌వి, అందరి డబ్బాలవీ కలిసిపోయి ఉన్నాయి. అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడికింది.

"అవ్వా, గిండ్ల మనయి ఏవే?" అని అమ్మను అడిగాను.

"ఏరుతవా బిడ్డా? తిను," అంది అమ్మ.

ఇందాక ఖాళీ డబ్బా ఒకటి కడిగి పాప ముందు పెట్టి, చర్చిలో పంచడానికి పిడికెడు బియ్యం వేయమన్నాను. ఫోన్ పక్కన పెట్టి, పిడికెడు వేసి అడిగింది:

"ఇవి ఎవరింటికి పోతయి మమ్మీ?"

"ఒకసారి మా ఇంటికే అచ్చినయి బిడ్డా."