గోడలో రెండు రాళ్లు, ఒక సన్మాన సంచిక

మధ్యయుగ చరిత్ర మీద తిరుపతి నుంచి ఏడాదికి రెండుసార్లు వెలువడే ఒక పరిశోధన పత్రికకు నేను సంపాదకుణ్ణి. జీతం లేదు. చిత్తూరులో కాలేజీ ఉద్యోగం ముగిశాక ఈ పని నెత్తికెత్తుకున్నాను. వచ్చిన వ్యాసం మీద రచయిత పేరు తీసేసి ఇద్దరు నిపుణులకు పంపాలి. వాళ్లు తిట్టింది రచయితకు మర్యాదగా చెప్పాలి. శాసనం మీద వ్యాసమైతే, తడి కాగితం రాతికి అద్ది సిరాతో తీసిన అచ్చును కూడా తెప్పించుకుని, వ్యాసంలో ఉన్న పాఠంతో పంక్తి పంక్తి సరిచూస్తాను. ఈ చివరి పని చెయ్యమని నన్నెవరూ అడగలేదు. చేస్తున్నందుకు మెచ్చుకున్నవాళ్లూ లేరు.

పత్రికను నడిపే మా చరిత్ర సంఘం నిరుడు ఒక పెద్దాయనకు సన్మాన సంచిక తేవాలని నిర్ణయించింది. ఈ ప్రాంతపు శాసనాల మీద జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ ఆయన. సంఘంలో సగం మంది ఆయన శిష్యులు. నేను కాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక సదస్సులో నా పత్రం సగం చదివేసరికి, అధ్యక్షుడిగా కూర్చున్న ఆయన గంట కొట్టి, "కూచోప్పా, పాలెగాళ్ల కతలు మీ వూరి రచ్చబండ కాడ సెప్పుకో" అన్నారు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. నాకంటే ముందు చదివినవాడు ఇచ్చిన సమయం దాటి చదివినా ఆయన చెయ్యి గంట వైపు పోలేదు.

సంచికలో మొదటి వ్యాసం ఆయనదే. పూతలపట్టు దాటి లోపలికి పోతే ఒక పాత గుడి ఉంది. దాని గోడ మీది శాసనంలో, వర్తకుల సంఘం ఒకటి గుడికి ఏకంగా ఒక ఊరినే రాసిచ్చినట్టు ఉందని ఆయన రాశారు. వర్తకులు దీపానికి గొర్రెలనో, నూనెనో ఇవ్వడం మామూలు. ఊరు ఇవ్వడం రాజులో, సామంతులో చేసే పని. నిజమైతే పెద్ద మాటే. పేరు తీసేసి పంపినా ఆ రాత ఎవరిదో తెలియనివాడు మాలో లేడు. నిపుణులిద్దరూ పొగిడి పంపారు.

నేను అచ్చు తెరిచి చూశాను. రెండు రాళ్ల మీద తీసిన రెండు కాగితాలను పక్కపక్కన అతికించారు. ఎడమ కాగితంలో వర్తకులు, కుడి కాగితంలో ఊరు. ఎడమవైపు అక్షరాలు పొట్టిగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. కుడివైపువి కాస్త పొడుగ్గా, ఎడంగా ఉన్నాయి. ఒకే చెయ్యి చెక్కినట్టు లేదు. రెండు వేరువేరు శాసనాల ముక్కలు గోడలో పక్కపక్కకు చేరితే, వాటిని ఒకటిగా చదివేసినట్టుంది. అతుకు దగ్గర సందేహాలున్నాయని, రాయిని చూసేవరకు వ్యాసం ఆపుతున్నానని ఆయనకు రాసి పంపాను.

మర్నాడే సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు.

"ఆయన సన్మాన సంచికలో ఆయన వ్యాసమే లేకుంటే ఎట్లబ్బా? జనం ముందర యాడ పెట్టుకోవాల మొగం?"

"తప్పు అచ్చేస్తే యాడ పెట్టుకుంటావు?"

"నీకు ఆ గంట ఇంకా చెవుల్లో మోగతా ఉండాది. అదీ సంగతి. అందరికీ తెల్సు."

"మోగతానే ఉండాది. దానికీ ఈ రాళ్లకూ ఏం సంబంధం?"

"సరే, నీ ఇష్టం. కొత్త సంపాదకుణ్ణి ఎతుక్కునే పని నాకు పెట్టొద్దు."

ఆ మాట ఊరికే అన్నది కాదు. కమిటీలో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. నేను చూసింది కక్షతో చూశానేమోనని ఆ వారమంతా అచ్చును మళ్లీ మళ్లీ తీసి చూశాను. అక్షరాల తేడా అట్లాగే ఉంది.

చివరికి పెద్దాయనే ఫోన్ చేశారు. "కారు తెస్తాను. వచ్చి సూడు. సూసినాక మాట్లాడు." అంతే, పెట్టేశారు.

దారి పొడవునా ఆయన కిటికీలోంచి మామిడితోటలు చూస్తూ కూర్చున్నారు. ఒక్కసారి మాత్రం డ్రైవరుతో, "మెల్లిగా పోప్పా, సారు మనల్ని పరీచ్చ చెయ్యను వస్తా ఉండాడు" అన్నారు. డ్రైవరు అద్దంలో నా వైపు చూశాడు.

గుడి దగ్గర పూజారి మా చేతిలో బ్రష్షు చూసి, "నీళ్లు సల్లుకోండి సామీ, అచ్చరాలు తేలాలని పిండి మాత్రం పుయ్యొద్దండి. చీమలు పడతాయి" అన్నాడు. ఏటవాలు వెలుతురు పడితే తప్ప అరిగిన అక్షరాలు కనబడవు. ఎండ వాలేదాకా ఇద్దరం అరుగు మీద, మధ్యలో మరో మనిషి కూర్చునేంత జాగా వదిలి కూర్చున్నాం.

ఎండ గోడ వెంబడి పాకాక నీళ్లు చల్లాను. ఎడమ రాయి అంచున, మూడో పంక్తి చివర ఒక అక్షరం సగానికి తెగి ఉంది. మిగతా సగం పక్క రాతి మీద ఉండాలి. లేదు. అక్కడ రాతికి చెక్కుచెదరని అంచు, ఆ తర్వాత పూర్తి అక్షరం.

"పెచ్చు ఊడుంటుంది," అన్నారాయన.

"ఊడితే గుంత కనపడాల కద సార్."

నేను గోడ వెంట నడుస్తూ ప్రతి రాతి ఎడమ అంచూ తడుపుతూ పోయాను. నీళ్లు పోయే తూము పక్కన, కింది వరసలో ఒక రాయి దొరికింది. దాని మూడో పంక్తి మొదట్లో సగం అక్షరం. అవే పొట్టి, ఇరుకు అక్షరాలు. వర్తకులు ఏమిచ్చారో ఆ రాతి మీద ఉంది. గొర్రెలు.

పెద్దాయన పంచె ఎత్తి పట్టుకుని తూము పక్కన గొంతుక్కూర్చున్నారు. వేలితో ఆ సగం అక్షరాన్ని తడిమారు. లేవడానికి నేను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు.

"రిపేరుకని ఈ గోడ ఇప్పి కట్టినప్పుడు నేను ఈడనే ఉన్న్యా," అన్నారు గోడ వైపే చూస్తూ. "రాళ్ల మింద నంబర్లు నేనే ఏసినా. సుద్దతో. మద్దేనం వాన కొట్టి అంతా కడుక్కోని పాయ. మేస్త్రీలు అడిగితే, నాకు గుర్తుండాది, నేను సెప్తా పెట్టండని నిలబడి పెట్టించినా."

అందుకే ఆయన ఇన్నేళ్లలో ఆ వరసను ఒక్కసారి కూడా అనుమానించలేదు. గోడను తన జ్ఞాపకం ప్రకారం కట్టించి, తర్వాత ఆ గోడనే సాక్ష్యంగా చదివారు.

తిరుగు ప్రయాణంలో కారు పూతలపట్టు కూడలికి వచ్చింది.

"వ్యాసం తీసేయ్," అన్నారు. "జాగా చాల్లేదని రాసుకో."

"జాగా ఉండాది సార్. అబద్ధం రాయను. రాళ్లు మారిపోయిన సంగతి మీరే రాసియ్యండి, మొదటి పేజీలో ఏస్తాను."

"నా సన్మానంలో నా తప్పు నేనే దండోరా ఏసుకోవాల్నా?"

"మీరు రాయకుంటే ఇంకొకడు ఆ గోడను అట్లనే చదువుతాడు. శిష్యులు మిమ్మల్ని చూసే రాస్తారు."

"అంత కసి ఎందుకప్పా నీకు?"

"కసి ఉండేది నిజమే సార్. దానికోసమైతే మీ వ్యాసం ఉన్నదున్నట్టు అచ్చేసి నవ్వుకునేవాణ్ణి."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగారు. తిరుపతిలో నన్ను మా వీధి చివర దింపారు. పోయొస్తానని కూడా అనలేదు.

కార్యదర్శి అచ్చాపీసు నుంచి రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. సన్మాన సభకు హాలు మాట్లాడేశారు. మొదటి పేజీలు ఖాళీగా వదిలి, తక్కినదంతా పేజీలు కట్టించాను. ఇక ఆగడం కుదరదని అనుకున్న రోజు ఒక మనిషి కవరు తెచ్చి ఇచ్చాడు. కొత్త వ్యాసం. పాతదాంట్లో సగం కూడా లేదు. రాళ్లు ఏ వరసలో ఉండాలో పటం గీశారు. వరస ఎవరి వల్ల మారిందో మొదటి వాక్యంలోనే, 'నా వల్ల' అని రాశారు. నేను సరిదిద్దడానికి అందులో ఏమీ లేదు.

చివర కృతజ్ఞతలు ఉన్నాయి. పూజారికి, కారు డ్రైవరుకి, అచ్చు తీసిన విద్యార్థికి, పేరుపేరునా. నా పేరు లేదు. రెండుసార్లు చదివాను. ఒక పంక్తి చేర్చే హక్కు నాకుంది, చేతిలో కలమూ ఉంది. చేర్చలేదు. ఉన్నదున్నట్టు మొదటి పేజీకి పంపి, కార్యదర్శికి ఫోన్ చేసి, అచ్చేసుకొమ్మని చెప్పాను.