మా నాయనకు దొరకని వీధి

మొన్న హిందూపురంలో మా సందు చివర అద్దెకున్న వాళ్ళు సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తుంటే, ఎందుకు ఖాళీ చేస్తున్నారో, ఎక్కడికి పోతున్నారో అడగడానికి ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో నేను గేటుదాకా పోయేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. ఆ రోజంతా నాకు పెనుగొండే గుర్తుకొచ్చింది.

మా నాయన రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాదాకా పోయి, కుడికాలు వంగని మనిషై తిరిగొచ్చాడు. పెనుగొండలో కోటగోడ దగ్గర చిన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కొడుక్కి పెళ్ళి కుదిరిందని ఇంటాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. వేరే ఇల్లు దొరికేదాకా ఆగమని మా అమ్మ ఎంత బతిమాలినా వినక, ఒకనాడు మనుషులను పెట్టి మా సామాన్లన్నీ వీధిలో వేయించాడు. మా నాయన తన మిలిటరీ రేకుపెట్టె మీద తలవంచుకుని కూర్చున్నాడు. రోజూ మా అమ్మతో కలిసి నీళ్ళకు పోయే ఇరుగుపొరుగు మంచివాళ్ళే గాని, ఆ పూట అందరికీ ఇంట్లో ఏదో పని పడింది. హిందూపురంలో మా మేనమామ పశువుల కొట్టంలో ఓ మూల తడక కట్టి ఇస్తే, నా పెళ్ళయ్యేదాకా అక్కడే బతికాం.

అరవైలలో నన్ను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చారు. మా పక్కింటి అన్న చైనా యుద్ధానికి పోయి, మంచుకు చేతివేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. నేతగాడికి వేళ్ళు లేకపోతే ఇంకేముంది, వదిన మా ఇంట్లో పట్టుదారం చుట్టి సంసారం లాగుతుండేది. వాళ్ళకూ ఎనిమిదేళ్ళ కూతురు. వాళ్ళుండే ఇంటిని కదిరి ఆయన ఒకడు కొని, వెంటనే ఖాళీ చెయ్యమన్నాడు.

ఆయన మనుషులతో వచ్చి ఆ అన్న మిలిటరీ రేకుపెట్టెను గడప దాటించిన పొద్దున, వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మగవాళ్ళు మగ్గం గుంతల్లోంచి లేచొచ్చి ఆ ఇంటి ముందు వరసగా కూర్చున్నారు. మా అత్త ముందుకొచ్చి నెమ్మదిగా అంది: "ఏమప్పా, ఇల్లు నీదే, కాదనం. మా వెనక దొడ్లో వాళ్ళకొక గది లేపిస్తాం, అందాకా ఆగు. దేశం కోసం యుద్ధానికి పోయొచ్చినోడు మా వీధిలో ఉండంగా రోడ్డున పడేది లేదు."

ఆయన చాలాసేపు గొణిగి, చివరికి సరేనన్నాడు. అందరి ముఖాలూ వెలిగాయి, నాకు మాత్రం కడుపులో మంట రేగింది. ఆ అన్నకున్నదేమిటి, మా నాయనకు లేనిదేమిటి? ఇద్దరూ ఒకే సర్కారు తుపాకీ మోసినవాళ్ళు కాకపోయినా, ఇద్దరూ అవిటివాళ్ళై వచ్చినవాళ్ళే కదా. నన్ను చూడటానికి వచ్చి ఆ రోజు మా అరుగు మీదే ఉన్న మా నాయన కుంటుకుంటూ దిగిపోయి, ఆ రేకుపెట్టెకు ఓ పక్క చెయ్యేసి తిరిగి లోపల పెట్టించాడు.

"మనకెవురూ ఇట్ల రాలేదు గదా నాయనా" అన్నాను ఆయన తిరిగొచ్చాక.

"వీళ్ళకన్నా వచ్చిరి గదమ్మా" అన్నాడు, చేతులు దులుపుకుంటూ.

అంత పెద్ద మనసు నాకు రాలేదు. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన ఆ పిల్లను మా అత్త ఒళ్ళో కూర్చోబెట్టుకుని సంగటి తినిపిస్తుంటే, నేను అక్కడ ఉండలేక దొడ్లోకి పోయాను. వీధివాళ్ళు మాటన్నట్టే గది కట్టిచ్చారు, ఆ కుటుంబం ఒక్క పూటైనా బయట పడుకోలేదు.

చాలా ఏళ్ళకు కనగానపల్లిలో ఒక పెళ్ళిలో ఆ పిల్ల కలిసింది, పిల్లల తల్లై నిండుగా ఉంది. ఆ రోజు సంగతి ఎత్తితే, "ఏ పొద్దత్తా? నాకు గుర్తే లేదే" అని నవ్వింది. ఇప్పుడు మాజీ సైనికులకు ఆఫీసులున్నాయి, స్థలాలిస్తున్నారు, అడిగేచోటు ఉంది, సంతోషమే. కాని పని ఆపి వచ్చి గడప ముందు కూర్చునే వీధులే పోయాయి. అట్లాంటి వీధిలో పెరిగింది కాబట్టే ఆమె ఆ రోజును మరిచిపోగలిగింది. ఈ వయసులోనూ నేను ఆమెను చూసి అసూయపడేది ఆ మరుపు కోసమే.